పదకొండు గజాల కింద

ప్రతి ఫైరింజన్‌కూ ఒక లాగ్‌బుక్కు ఉంటుంది. బండి ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత డీజిల్ పోశారు, నిలబడి పంపు ఎన్ని నిమిషాలు నడిచింది, ఏ ఊళ్లో ఏం కాలింది, అన్నీ అందులో ఎక్కుతాయి. రేపు ఎవరు ఏమడిగినా ఆ పుస్తకమే సాక్ష్యం. 2003 మే నెలలో ఒక బండి లాగ్‌బుక్కులో రెండు మాటలు ఎక్కాయి: "పంపు పనిచేయలేదు."

ఆ పంపు బాగోగులు చూసే మెకానిక్‌ని నేను. ఆ రెండు మాటల మీద నాకు మెమో వచ్చింది. "ఇకముందు జాగ్రత్తగా ఉంటాను" అని జవాబు రాసి సంతకం పెట్టాను. నిజానికి ఆ రోజు పంపు బాగానే ఉన్నది. ఆ సంగతి తేలడానికి రెండు రోజులు పట్టింది. ఎందుకట్లా అయిందో పూర్తిగా అర్థం కావడానికి మాత్రం ఏండ్లు పట్టింది. వెతుక్కుంటూ పోతే మా దిక్కు మోటబాయిల నుంచి గెలీలియో దాకా పోవాల్సి వచ్చింది. ఇది ఆ రెండు మాటల చరిత్ర.

మాది చొప్పదండి. కరీంనగర్‌కు ఉత్తరం దిక్కున, సుమారు 20 కిలోమీటర్లు. ఊరి పేరు ఎవరన్నా పలికితే నా కండ్ల ముందుకు జొన్న చొప్పే వస్తది. మా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే దొడ్ల వెనుక చొప్ప కుప్పలు, వరిగడ్డి వాములు. ఎవరో తాగి పారేసిన బీడీ ముక్క, కరెంటు తీగల నుంచి రాలిన నిప్పురవ్వ, ఏదో ఒకటి చాలు. "వాము అంటుకున్నదే" అని కేక వినబడితే ఇంటింటి నుంచి బిందెలు, బొక్కెనలు బయటికొచ్చేవి. బాయి దగ్గర నుంచి వాము దాకా మనుషుల వరుస. చేతి నుంచి చేతికి నీళ్లు. కరీంనగర్ నుంచి ఫైరింజన్ వచ్చేసరికి మిగిలేది బూడిద, దాని చుట్టూ తిట్టుకుంటూ నిలబడ్డ పెద్దలు. పిల్లలం మాత్రం ఆ ఎర్ర బండి చుట్టూ తిరిగేటోళ్లం. ఇత్తడి మూతులు, గంట, చుట్టలు చుట్టిన గొట్టాలు. ఆలస్యంగా వచ్చిన బండి మీద పెద్దలకు కోపం. నాకు మాత్రం ప్రేమ పుట్టింది.

పదో తరగతి తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాను. పారిశ్రామిక శిక్షణ కోసం కేంద్రం 1950లో మొదలుపెట్టిన పథకం అది. మా తరంలో పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు కాలేజీ అంటే చాలామందికి అదే. ఐటీఐలో సామాన్ల పేర్లు నేర్చుకున్నాను. చెవితో వినడం నేర్పింది కరీంనగర్‌లో ఒక ఉస్తాద్. ఆయన బడికి పోలేదు. 1960లలో ఊరూరా తిరిగి బాయిల మీది ఆయిల్ ఇంజన్లు బాగుచేసిన మనిషి. పానా పట్టే ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకునేటోడు. "అరే బేటా, ముందుగాల దాని మాట ఇను. తర్వాత నీ మాట చెప్పు" అనేటోడు.

ఫైరింజన్ పని లారీ పని లాంటిది కాదు. బయటికి చూస్తే అదే చాసిస్, అదే ఇంజన్. కానీ లారీ రోడ్డు మీద అరుగుతుంది, ఫైరింజన్ నిలబడి అరుగుతుంది. నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు కూడా తిరగని బండి, ఒక పత్తి మిల్లు అంటుకుంటే రాత్రంతా ఒక్కచోట నిలబడి ఫుల్ రేసులో అరుస్తుంది. కదలదు కాబట్టి రేడియేటర్‌కు గాలి తగలదు. కిలోమీటర్ల లెక్కన ఆయిల్ మారుస్తానంటే ఇంజన్ పోతుంది, గంటల లెక్క చూడాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలై తర్వాత జిల్లాలకు వచ్చింది. నేను కొన్నాళ్లు అంబులెన్సుల పని కూడా చేశాను. వాటిది ఇంకో తీరు. వాటి డ్రైవర్లను పైలట్లు అంటారు. ఆ బండ్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. టైర్లు, బ్రేకులు, క్లచ్ ప్లేటు, అన్నీ తిరుగుడుతో అరిగేవే. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: పిలుపు వచ్చినప్పుడు సెల్ఫ్ కొట్టాలి, మొదటిసారికే స్టార్ట్ కావాలి. అందుకే పొద్దున డ్యూటీ మారగానే బండి స్టార్ట్ చేసి వినడం, బ్యాటరీ చూడడం, గాలి చూడడం. ఏమీ జరగని రోజున కూడా ఇది చేసి తీరాలి.

ఇక పంపు. మామూలు వాటర్ టెండర్ ట్యాంకులో 4,500 లీటర్లు పడతాయి. వినడానికి చాలా అనిపిస్తుంది. రెండు గొట్టాలు పూర్తిగా తెరిస్తే ఐదారు నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాత నీళ్లు ఎక్కడి నుంచి? పట్నాల్లో అయితే వీధి గొట్టాల నుంచి నింపుకోవచ్చు. మా పల్లెల్లో ఉన్నది చెరువు, కుంట, లేకపోతే బాయి. బండి బాయి పక్కన నిలబెట్టి, లావుపాటి సక్షన్ గొట్టం లోపలికి దించి, ఇంజన్ బలాన్ని పీటీవో గేరు ద్వారా పంపుకు మళ్లించి నీళ్లు గుంజాలి.

ఈ పంపుకు ఒక గుణం ఉన్నది. లోపల చక్రం గిర్రున తిరిగి నీళ్లను బయటికి విసురుతుంది. నీళ్లయితేనే విసురుతుంది, గాలిని విసరలేదు. అందుకని ముందుగా గొట్టంలో, పంపులో ఉన్న గాలిని తీసేయాలి. దాన్నే ప్రైమింగ్ అంటాం. కొన్ని బండ్లలో ఇంజన్ పొగనే సన్నటి దారి గుండా వేగంగా పంపి, ఆ ఊపుతో గాలిని లాగేస్తారు. గాలి పోతున్న కొద్దీ నీళ్లు గొట్టంలో పైకి ఎక్కుతాయి. ఎంత గాలి పోయిందో చూపడానికి పాదరసం అంగుళాల్లో లెక్క చూపే మీటరు ఉంటుంది. ఎక్కడన్నా సందు ఉంటే, వాషర్ పోయినా, గ్లాండ్ వదులైనా, ముల్లు ఎక్కి వెంటనే పడిపోతుంది. ముల్లు ఎక్కి నిలబడిందంటే సందు లేదని అర్థం.

ముల్లు సంగతి గుర్తు పెట్టుకోండి. ఆ రోజు నా ముందు అదే నిలబడి ఉన్నది, నేనే చదవలేకపోయాను.

2002లో దేశమంతటా వానలు ఎగ్గొట్టాయి. మరుసటి ఎండాకాలానికి మా దిక్కు బాయిలు అడుగంటాయి. మే నెల ఒక మధ్యాహ్నం వర్క్‌షాపుకు ఫోను వచ్చింది. చొప్పదండి అవతల ఒక పల్లెలో వాములు, పశువుల కొట్టం అంటుకున్నాయి. రెండు బండ్ల ట్యాంకులూ ఖాళీ. బాయి మీద పెట్టిన పంపు గుంజుతలేదు. "జల్ది రా." సామాన్ల సంచి స్కూటర్ మీద వేసుకుని పోయాను.

నేను పోయేసరికి కొట్టం కప్పు కూలింది. ఒక బర్రె లోపలే ఉండిపోయిందని ఆడవాళ్లు ఏడుస్తున్నారు. బాయి గట్టు మీద బండి అరుస్తున్నది. రెండు బండ్ల సక్షన్ ముక్కలు కలిపి లోపలికి దించారు. వంగి చూస్తే అడుగున నీళ్లు మెరుస్తున్నాయి. నీళ్లున్నాయి, పంపు నడుస్తున్నది, నీళ్లు రావట్లేదు. ఇంకేముంది, పంపులోనే ఏదో ఉన్నది అనుకున్నాను. ప్రతి జాయింటు విప్పి వాషర్లు మార్చాను. గ్లాండ్ బిగించాను. ప్రైమర్ మళ్లీ మళ్లీ వేశాను. ముల్లు 25 అంగుళాల దగ్గరికి ఎక్కి నిలబడింది. పడిపోలేదు. అయినా పంపులోకి చుక్క రాలేదు.

ఆ ఇంటి పెద్దాయన, తలకు తువ్వాల చుట్టుకుని, మసి మొఖంతో నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"సారూ, మా మోటరునే బాయిలకు దించుకున్నం. మీ బండిని ఎట్ల దించుతరు?" అన్నాడు.

కడుపు మంటతో ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. "పక్కకు జరుగు కాకా, పని చేయనియ్యి" అన్నాను. ఈ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

చివరికి ఊరోళ్లు బిందెలతోనే ఆర్పారు. నా చిన్నప్పటి వరుసే మళ్లీ.

మరుసటి రోజు ఆ పంపు మొత్తం విప్పాను. చక్రం బాగున్నది. గ్లాండ్ బాగున్నది. ప్రైమర్ వాల్వు బాగున్నది. బిగించి స్టేషన్ తొట్టి మీద పెడితే అర నిమిషం కాకముందే నీళ్లు చిమ్మింది. ఆ లోపల మెమో వచ్చింది. జవాబు ఏం రాయాలో తోచలేదు. పంపు బాగున్నదని రాస్తే, మరి ఆ రోజు ఎందుకు గుంజలేదని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. అందుకే తప్పు ఒప్పుకున్నాను. అది సులువు.

సాయంత్రం ఉస్తాద్ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

"నీళ్లు ఎన్ని గజాల కింద ఉండె?"

చూడలేదన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు.

"అరే బేటా, పంపు గుంజుతదని ఎవడు చెప్పిండు నీకు? పంపు ఏం గుంజదు. గాలి తోస్తది. గాలికి గంతే బలం ఉన్నది. పది గజాల బాయి మీద ఇంజన్ పెట్టుమని పటేండ్లు అడిగితే నేను ముందుగాల బాయిల దిమ్మె కట్టుమనేటోన్ని. ఇంజన్ కిందికి పోవాలె, నీళ్లు మీదికి రావు."

ఆదివారం ఒక పొడుగు తాడుకు గజానికో ముడి వేసుకుని ఆ పల్లెకు పోయాను. ఎవరికీ చెప్పలేదు. తాడు కొసకు రాయి కట్టి బాయిలోకి వదిలాను. గట్టు మీద నుంచి నీళ్లను తాకేసరికి పదకొండు ముడులు. అంటే 33 అడుగులు. బండి మీద పంపు ఇంకో గజం ఎత్తున ఉంటుంది. మొత్తం 12 గజాలు. ఆ రోజు ముల్లు నిలబడ్డ 25 అంగుళాలను నీళ్ల లెక్కలోకి మారిస్తే సుమారు 28 అడుగులు, తొమ్మిది గజాల పైచిలుకు. అంటే గొట్టంలో నీళ్లు తొమ్మిది గజాలు ఎక్కి, ఇంకో రెండున్నర గజాలు ఎక్కలేక అక్కడే నిలబడ్డాయి. పంపు తన పని మొత్తం చేసింది. ముల్లు ఆ సంగతే చెప్తున్నది. నేను వాషర్లు మారుస్తున్నాను.

బండికి లెక్కగట్టిన లోతు 7 మీటర్లని మాన్యువల్లో ఉంటుంది. ఫైర్‌మెన్‌కు శిక్షణలో చెప్తారు, నేనూ చదివాను. కానీ మంట ముందు నిలబడి, బాయిలో నీళ్లు కంటికి కనబడుతుంటే ఆ అంకె ఎవరికి యాదికొస్తది? పైనుంచి చూస్తే లోతు తెలియదు. పుస్తకంలో మీటర్లు, మా బాయిలో గజాలు. రెండూ ఒకటేనని ఆ మధ్యాహ్నం ఎవరికీ తట్టలేదు.

ఏండ్ల తర్వాత నా బిడ్డ ఇంటర్ చదివేటప్పుడు ఫిజిక్స్ పుస్తకంలో టారిచెల్లి పేరు చూపించింది. గాలి బరువును మొదట కొలిచినాయన. అక్కడి నుంచి వెనక్కి పోతే గెలీలియో తగిలాడు. అప్పటికి ముసలితనం, కంటి చూపు పోయింది, చర్చి తీర్పుతో ఇంట్లోనే నిర్బంధం. ఇటలీలో అచ్చు వేసే వీలు లేక ఆయన చివరి పెద్ద పుస్తకం 1638లో హాలెండ్‌లోని లైడెన్‌లో అచ్చయింది. ముగ్గురు మనుషుల సంభాషణగా రాసిన పుస్తకం. మొదటి రోజు సంభాషణలో సగ్రేడో అనే పాత్ర ఒక సంగతి చెప్తాడు. అది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఒక నీళ్ల తొట్టికి పంపు పెట్టారట. నీళ్లు ఒక మట్టం దాకా ఉన్నంతసేపు బాగా పనిచేసింది. ఆ మట్టం కిందికి పోగానే ఆగిపోయింది. పంపు చెడిపోయిందనుకుని సగ్రేడో మెకానిక్‌ను పిలిపించాడు. ఆ మెకానిక్ వచ్చి చూసి, లోపం పంపులో లేదు, నీళ్లలో ఉంది, అవి మరీ కిందికి పోయాయి అన్నాడు. గుంజే పంపు ఏదైనా సరే 18 మూరలకు మించి వెంట్రుకవాసి కూడా ఎత్తలేదని చెప్పాడు. వాళ్ల మూర మన మూర కన్నా పొడుగు. వాళ్ల 18 మూరలు సుమారు పదిన్నర మీటర్లు.

గెలీలియో దీనికి కారణం వెతికాడు. పొడుగాటి తాడు తన బరువుకు తానే తెగినట్టు నీటి స్తంభం కూడా తెగుతుందని అనుకున్నాడు. అది తప్పు. ఆయన శిష్యుడు టారిచెల్లి 1643లో పాదరసంతో చేయించిన ప్రయోగంతో అసలు సంగతి తేలింది. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నాం. ఆ గాలి బరువే బయటి నీళ్లను నొక్కి ఖాళీ అయిన గొట్టంలోకి తోస్తుంది. సముద్ర మట్టం దగ్గర ఆ బరువు 10.3 మీటర్ల నీళ్లకు సమానం, మన లెక్కలో పదకొండు గజాల పైన కొంచెం. మా కరీంనగర్ ఎత్తులో, మే నెల వేడిలో ఇంకాస్త తగ్గుతుంది. గొట్టంలో రాపిడి, జాయింట్లు కలిపి చూస్తే చేతికి దక్కేది ఏడెనిమిది మీటర్లు.

భౌతికశాస్త్రం పుస్తకాల్లో గెలీలియో పేరు ఉన్నది, టారిచెల్లి పేరు ఉన్నది. లోపం పంపులో లేదు, నీళ్లలో ఉందని మొదట చెప్పిన ఆ మెకానిక్ పేరు లేదు. సగ్రేడో పాత్ర ఆయన మాట విన్నది, కనీసం రాసి పెట్టింది. నేను ఆ కాకాను పక్కకు జరగమన్నాను.

ఎందుకంటే ఆ కాకాకు ఇదంతా తెలుసు. మా దిక్కు రైతులందరికీ తెలుసు. వాళ్లకు ముందు వాళ్ల తాతల మోట ఉండేది. ఎడ్లు వాలుదారిలో కిందికి నడిస్తే తోలు బొక్కెన బాయి అడుగు నుంచి నీళ్లు పట్టుకుని వచ్చేది. మోట నీళ్లను మోసుకొస్తుంది, గుంజదు. అందుకే దానికి పదకొండు గజాల హద్దు లేదు. ఎంత లోతైతే అంత తాడు. మోట పోయి ఆయిల్ ఇంజన్, కరెంటు మోటరు వచ్చినప్పుడే ఆ హద్దు మా బాయిల్లోకి వచ్చింది. రైతులు దాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. నీళ్లు కిందికి పోయిన కొద్దీ బాయి లోపల దిమ్మె కట్టి మోటరును కిందికి దించుకున్నారు. ఇంకా పోతే ఇంకా దించారు. తర్వాత బోర్లు వచ్చాయి. బోరులో మోటరు నీళ్లలోనే మునిగి ఉండి కింద నుంచి పైకి నెడుతుంది కాబట్టి వందల అడుగులైనా ఫర్వాలేదు. బోర్లు ఎంతగా పెరిగాయంటే నీళ్లు, భూమి, చెట్ల రక్షణకని 2002లో వాల్టా చట్టం తేవాల్సి వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. బోర్లు లోతుకు పోయిన కొద్దీ పాత బాయిలు ఎండిపోయాయి. రైతు నష్టం, అప్పులు, చావుల గురించి చాలామంది రాశారు. మెకానిక్‌గా నాకు కనబడింది ఇంకో సంగతి. ఆ బాయిలతో పాటే ఫైరింజన్ నీళ్లు కూడా పోయాయి. బోరులోకి మా సక్షన్ గొట్టం దించి లాభం లేదు.

ఈ యంత్రం పుట్టిన చోటు చూస్తే సంగతి ఇంకా తేటగా అర్థమవుతుంది. గొట్టంతో మంటలార్పే పద్ధతికి ఆద్యుడు యాన్ వాన్ డెర్ హేడెన్. ఆయన చిత్రకారుడు. ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్ని ఇటుక ఇటుకా కనబడేటట్టు గీసిన మనిషి. పదిహేనేండ్ల వయసులో నగరంలోని పాత టౌన్‌హాలు కాలిపోవడం కండ్లారా చూశాడు. తర్వాత సోదరుడితో కలిసి 1672లో తోలు గొట్టం ఉన్న మంట యంత్రం తయారుచేశాడు. 1690లో దాని మీద బొమ్మలతో పుస్తకం వేశాడు. ఆయన నగరంలో వీధికో కాలువ. నీళ్లు రోడ్డు పక్కనే, కాస్త కిందనే ఉంటాయి. తర్వాత ఈ యంత్రాన్ని పెంచింది థేమ్స్ ఒడ్డున ఉన్న లండన్ లాంటి ఊళ్లు. ఆవిరి వచ్చింది, పెట్రోలు వచ్చింది, మనిషి చేతుల బదులు ఇంజన్ వచ్చింది. కానీ నీళ్లు దగ్గర్లోనే ఉంటాయన్న నమ్మకం యంత్రంలో అట్లాగే ఉండిపోయింది. ఆ బండే మన దగ్గరికి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో రాష్ట్రమంతటికీ అగ్నిమాపక సర్వీసు ఏర్పడింది. దాన్నుంచి 1953లో ఆంధ్ర సర్వీసు విడివడింది. 1956లో హైదరాబాద్ రాష్ట్రపు సర్వీసుతో కలిసింది. చట్టాలు మారాయి, రాష్ట్రాలు మారాయి. బండి మాత్రం కాలువ పక్కన పుట్టిన బండే. మా బాయి గట్టు మీద నిలబడి అది చేతులెత్తేసిందంటే తప్పు దానిది కాదు.

యుద్ధ కాలంలోనే దీనికి ఒక విరుగుడు కూడా బలంగా వచ్చింది. బాంబులు పడే ఇంగ్లండ్‌లో పెద్ద బండి పోలేని సందుల కోసం కోవెంట్రీ క్లైమాక్స్ కంపెనీ వెనుక తగిలించుకుపోయే చిన్న పంపులు చేసింది. 1950 ప్రాంతంలో మనుషులు మోసుకుపోయేంత తేలికైన పంపు చేసింది. ఆ పంపు ఇంజన్ ఎంత తేలికగా, ఎంత చురుకుగా ఉండేదంటే తర్వాత దాన్నే మార్చి రేసు కార్లలో పెట్టుకున్నారు. రేసు కార్ల సంగతి అట్లుంచితే, నాకు నచ్చింది అది మెట్లు దిగగలదు అన్న సంగతి. మా దిక్కు దిగుడుబాయిల్లో మెట్లున్నాయి. నలుగురు మనుషులు మోసుకుని కిందికి దిగితే పదకొండు గజాలు నాలుగు గజాలవుతాయి. కింద నుంచి పైకి ఎంత ఎత్తైనా నెట్టొచ్చు. కాకా చెప్పింది ఇదే.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలి, మంటలార్పుతూ చనిపోయిన ఫైర్‌మెన్ యాదిలో. ఆ వారం ముందు ఇత్తడి మూతులన్నీ చింతపండుతో తోమి, బండ్లను పెండ్లికూతుళ్ల లెక్క తయారుచేసేది మేమే. ప్రాణాలిచ్చినోళ్లను తలుచుకోవడం సరైన పనే. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ మంటల చరిత్ర రాసేటప్పుడు మనకు రెండే రకాల వాక్యాలు వస్తాయి. ఒకటి వీరుడి వాక్యం, రెండోది "యాంత్రిక లోపం" అనే వాక్యం. డేవిడ్ ఎడ్జర్టన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు 2006లో ఒక పుస్తకం రాశాడు. టెక్నాలజీ చరిత్ర అంటే కొత్త యంత్రాలు కనిపెట్టిన కథ ఒక్కటే కాదు, వాడుకలో ఉన్న పాత యంత్రాలను బాగుచేసుకుంటూ నడిపించిన కథ కూడా అని ఆయన వాదన. అది చదివినప్పుడు మా వర్క్‌షాపు గురించి ఎవరో రాసినట్టే అనిపించింది. దానికి నేను ఒక్క మాట కలుపుతాను. బాగుచేయాల్సింది యంత్రాన్నో, దాని గురించి రాసిన వాక్యాన్నో ముందు తేల్చుకోవాలి.

"పంపు పనిచేయలేదు" అని రాస్తే ఆ కేసు అక్కడికి అయిపోతుంది. మెకానిక్‌కు మెమో పోతుంది, వాషర్లు మారుతాయి. "నీళ్లు పదకొండు గజాల కింద ఉన్నాయి" అని రాస్తే అయిపోదు. అప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఈ ఎండాకాలం ఏ ఊళ్లో ఏ బాయి పనికొస్తుంది? ఏ బాయికి బండి పోతుంది, ఏ బాయికి చిన్న పంపు మోసుకుపోవాలి? నీళ్లు లేని దిక్కుకు మొదటి బండి వెనకే రెండో బండి పంపాలా? ఆ రెండు మాటలు ఇన్ని ప్రశ్నలను పూడ్చిపెట్టాయి.

నేను చేసింది చిన్న పని. ఆ తాడు పారేయలేదు. ఏ ఊరికి పోయినా, చుట్టాల పెండ్లికి పోయినా, దారిలో బాయి కనబడితే తాడు వదిలి చూసేటోన్ని. ఒక నోట్‌బుక్కులో ఊరు, బాయి ఎవరిది, ఏ నెలలో ఎన్ని గజాలు, బండి గట్టు దాకా పోతదా అని రాసుకున్నాను. మా ఇంట్లో దాన్ని "పిచ్చి పుస్తకం" అనేటోళ్లు. డ్రైవర్లకు మాత్రం పనికొచ్చింది. కొందరు ఎండాకాలం మొదట్లో వచ్చి పేజీలు రాసుకుని పోయేటోళ్లు. అది ఏ ఆఫీసు రికార్డూ కాదు.

ఆ పల్లెకు మళ్లీ పోవడానికి మాత్రం నాకు చాలా కాలం ధైర్యం రాలేదు. ఆ దారి తప్పించుకుని తిరిగాను. ఒకసారి పోక తప్పింది కాదు. కాకా ఇంకా ఉన్నాడు, బాగా ముసలాయన అయ్యాడు. గుర్తుపట్టాడు. అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆ రోజు పంపు తప్పు లేదని, నీళ్లు లోతుకు పోయాయని, నాకు తెలియక ఆయన్ను పక్కకు జరగమన్నానని చెప్పాను. ఆయన చాయ్ సాసర్‌లో పోసుకుంటూ అన్నాడు:

"గా దినమే చెప్పిన గద సారూ, మోటరు దించుకున్నమని. మీరు ఎవ్వలు ఇనకపోతిరి."

అంతే. ఇంకేం అనలేదు. బర్రె సంగతి ఎత్తలేదు. నేనే ఎత్తలేకపోయాను.

ఇప్పుడు మా దిక్కు మళ్లీ నీళ్లున్నాయి. 1963లో నెహ్రూ పోచంపాడులో పునాదిరాయి వేసిన ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ మా జిల్లాకు వస్తది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు. మంచి వానలు పడ్డ ఏడు పాత బాయిల్లో నీళ్లు చేతికందేంత పైకి వస్తాయి. జొన్న తగ్గింది, ఎటు చూసినా వరి. కోత మిషన్ కోసిపోయిన తర్వాత కొయ్యకాళ్లకు నిప్పు పెడితే ఆ మంట గాలికి పక్క వాముల దాకా పాకుతుంది. మంటల తీరు మారింది, నీళ్ల తీరు మారింది. వానలు తప్పిన ఏడు మళ్లీ ముడులు లెక్కపెట్టాల్సిందే.

బండ్లూ మారుతున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ కొనసాగదని కేంద్రం నిబంధన తెచ్చింది. మా ఆ పాత బండి అంతకు చాలా ముందే పోయింది. వేలంలో తూకానికి పోయింది. ఇనుము ఇనుముగా, ఇత్తడి ఇత్తడిగా. బండి పోతే లాగ్‌బుక్కుతో ఎవరికి పని? ఆ రెండు మాటలు ఏ బీరువాలో ఉన్నా, దాని పక్కన ఉండాల్సిన వరుస నేను నా పిచ్చి పుస్తకంలో రాసి పెట్టాను. 2003 మే. బాయి గట్టు నుంచి నీళ్లకు పదకొండు గజాలు. ముల్లు 25 దగ్గర నిలబడ్డది. పంపు మంచిగనే ఉన్నది. బాయి యజమాని సంగతి చెప్పిండు, మెకానిక్ ఇనలేదు.